మంచనశర్మ తిరిగిన ఊళ్ళో

ఒక ఊరిని పొద్దున్నుంచి రాత్రి దాకా తిరిగి చూడడమే కథగా ఉన్న పుస్తకం తెలుగులో ఒకటుంది. క్రీడాభిరామం. గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడూ, ఆయన స్నేహితుడు టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. వాళ్ళకు ఆ రోజు వేరే పనేమీ లేదు. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ళ పందెం చూస్తారు, పూటకూళ్ళింట్లో భోంచేస్తారు, దేవతలకు దండం పెడతారు. అన్నిటికంటే ఎక్కువగా ఆడవాళ్ళను చూస్తారు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామాన్ని వినుకొండ వల్లభరాయుడు తెలుగు చేశాడని పుస్తకమే చెబుతుంది. మానవల్లి రామకృష్ణకవి గారు దీన్ని వెలుగులోకి తెచ్చారు. కాదు, ఇది శ్రీనాథుడిదే అన్నారు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు. ఎవరు రాశారన్న దాని మీద మన పండితులు పెట్టిన శ్రమలో పదో వంతు, అందులో రోడ్డు మీద కనిపించే ఆడవాళ్ళు ఏం పనిచేసి బతికారన్న దాని మీద పెట్టలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు ఒక్కరు మినహాయింపు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయుల నాటి జనజీవితం కోసం ఆయన ఈ చిన్న పుస్తకాన్ని గని తవ్వినట్టు తవ్వారు.

నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు కొన్ని పద్యాల దగ్గర మా సారు ఆగి, ‘ఇవి మీరే చదువుకోండి’ అనేవారు. వెనక బెంచీల మీద మగపిల్లలు నవ్వుకునేవాళ్ళు. మేం ఆరుగురం ఆడపిల్లలం తలలు పుస్తకంలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. తర్వాత ఆ కాలపు సాహిత్యంలో స్త్రీల వృత్తుల మీదే పిహెచ్‌డి చేశాను. ఆ పద్యాలు ఒంటరిగా ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అశ్లీలం మాట ఎట్లా ఉన్నా, నాకు అసూయ కలిగించింది వేరే సంగతి. ఇద్దరు మనుషులు ఏ పనీ లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, రోజంతా ఊరు తిరగడం! శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి ముంబయి ఆడవాళ్ళ గురించి 2011లో ఒక పుస్తకం రాశారు. ఆడది రోడ్డు మీద కనిపించాలంటే ఏదో ఒక పని చేతిలో ఉండాలి, సంచో బిడ్డో ఫైలో ఉండాలి, ఊరికే ఉండే హక్కు మాత్రం లేదు, ఆ హక్కే కావాలి అని వాళ్ళ వాదన. ముంబయి సంగతి అటుంచండి. మా మంచిర్యాలలో మా అమ్మ సంగతి చెబుతాను.

అమ్మ వరంగల్లుకు ఎన్నిసార్లు పోయిందో ఆమెకే గుర్తు లేదు. మా బాపు సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. చివరి నాలుగేళ్ళు కిడ్నీల జబ్బు. అమ్మ ఆస్పత్రి వరండాల్లో పడుకుంది, లిఫ్టు పక్కన చాప పరుచుకుని సద్దిడబ్బా తిన్నది. ఏ మందుల దుకాణంలో ఎంత తగ్గిస్తారో ఆమెకు తెలుసు. ఆస్పత్రి నుంచి రైల్వేస్టేషనుకు ఎన్ని అడుగులో కూడా చెప్పగలదు. కోట చూడలేదు. వేయి స్తంభాల గుడి బస్సులోంచి చూసింది. బాపు ఉన్నప్పుడు ఆయన్ని వదిలి పోవడం కుదరలేదు, ఆయన పోయాక పోవలసిన పని లేదు. వరంగల్లే కాదు. ఆమె అరవై రెండేళ్ళ జీవితంలో చేసిన ప్రయాణాలన్నీ లెక్కేస్తే ఆస్పత్రులు, పెళ్ళిళ్ళు, చావులు, రెండేళ్ళకోసారి మేడారం జాతర. మా ఊరికి పక్కనే మందమర్రి దగ్గర గాంధారి ఖిల్లా ఉంది. అక్కడికి కూడా మైసమ్మ జాతరకు పోయిందే తప్ప ఖిల్లా చూడ్డానికి పోలేదు.

పోయిన జనవరిలో, బాపు పోయి పది నెలలైన తర్వాత, ‘పా అమ్మా, ఒక్కరోజు ఊరికే తిరిగొద్దాం’ అన్నాను. ‘ఊరికే ఎందుకే?’ అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు, అదే జవాబు. మా మేనత్త దగ్గర మాత్రం చాలా మాటలున్నాయి. ‘ఏడాది గాకముందే ఊర్లు తిరుగుడేంది? నలుగురు ఏమనుకుంటరు?’ అని ఫోన్లో అమ్మను నిలదీసింది. ఏడాది లోపల గుళ్ళకు పోవద్దు, పండుగలు చేయొద్దు, శుభకార్యాల్లో ముందు నిలబడొద్దు. కొడుకులకు ఈ నియమాలు ఎంత వదులుగా ఉంటాయో, పెండ్లానికి ఎంత బిగుతుగా ఉంటాయో మీకు తెలియంది కాదు. మా తమ్ముడు నాలుగో నెలలో స్నేహితులతో అరకు పోయొచ్చాడు. మేనత్త వాడికి ఫోను చేయలేదు.

అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ‘రైలా, బస్సా?’ అని అడిగింది.

2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టిస్తారు. ఈ పథకం మీద మగవాళ్ళు వేసే జోకులు నేనూ విన్నాను. పనీపాటా లేని ఆడవాళ్ళు ఊరికే బస్సులెక్కి తిరుగుతున్నారట! నిజమే అయితే ఎంత బాగుండు అనుకున్నాను. అయినా అమ్మ రైలే అన్నది. కారణం మీరు ఊహించగలరు, రైల్లో బాత్రూం ఉంటుంది. ప్రయాణం రోజున ఆమె తెల్లవారి లేచిన దగ్గర నుంచి నీళ్ళు ముట్టదు. చాయ్ కూడా సగమే తాగుతుంది. నలభై ఏళ్ళ అలవాటు. ‘మోకాళ్ళ నొప్పులకు మందేసుకునేది నీళ్ళతోనైనా వేసుకో’ అంటే రెండు గుటకలు మింగింది. గోదావరి వంతెన మీద పైసలు వేసింది. రామగుండం పొగగొట్టాలు, పెద్దపల్లి, జమ్మికుంట పత్తి బండ్లు చూసుకుంటూ కాజీపేటలో దిగాం. అక్కడి నుంచి మాత్రం సిటీ బస్సెక్కి ఆధార్ కార్డు తీసి దర్జాగా చూపించింది.

వేయి స్తంభాల గుడి దగ్గర చిక్కు వచ్చింది. నేను ఊహించాల్సిన చిక్కే. గేటు దాకా వచ్చి అమ్మ ఆగిపోయింది. ‘నువ్వు పోయిరా, నేను గీడ కూసుంట.’ 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. రుద్రేశ్వరుడికి ఇప్పటికీ పూజలు జరుగుతాయి. పూజ జరిగే గుడి కనుక మైల. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు చదివిందీ రాసిందీ అంతా నోటి దాకా వచ్చింది. ‘బాపు పోతే నీకు మైలేంది అమ్మా, నాలుగేండ్లు ఆయన మలమూత్రాలెత్తినవు, అప్పుడు లేదా మైల?’ అన్నాను. ‘అది మీ బాపు. ఇది దేవుడు. నన్ను జబర్దస్తి చేయకు బిడ్డా’ అన్నది. అందులో భయం లేదు. మేనత్త మాటలకు లొంగి అన్నట్టు కూడా లేదు. ఆమె తనకు తాను పెట్టుకున్న లెక్క ఏదో ఉంది. స్త్రీలు ఎంచుకున్నదాన్ని గౌరవించాలి అని మనం వ్యాసాల్లో రాస్తాం. ఎంచుకున్నది మనకు నచ్చనప్పుడు ఆ వాక్యం ఎంత బరువో గుడి గేటు ముందు తెలుస్తుంది.

దారి చూపించింది అమ్మే. ‘అదేంది, అండ్ల దేవుడున్నడా?’ అని చెయ్యి చూపించింది. నంది కివతల కల్యాణమండపం. కూలిపోయేట్టుందని 2006లో రాయి రాయి విప్పేశారు. 2024 మార్చిలో గానీ తిరిగి నిలబడలేదు. నేను యూనివర్సిటీలో చేరింది మొదలు డాక్టరేటు వచ్చేదాకా అది రాళ్ళ కుప్పే. పూజ లేదు అని చెప్పాను. ‘అయితే పా’ అని చెప్పులు విడిచింది. నల్లరాతి స్తంభాల మధ్య అరగంట తిరిగింది. ఒక్కో స్తంభం మీద చెయ్యి వేసి నిమిరి, ‘గిన్ని రాళ్ళు ఎవలు మోసిండ్రో, ఎవలు చెక్కిండ్రో. పేర్లు రాసిండ్రా?’ అని అడిగింది. రాజుగారి పేరు రాశారు. ఆమె స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి వందకు ముందే విసుగొచ్చి, ‘వెయ్యి లెవ్వు తీ’ అని తీర్పు చెప్పింది.

మధ్యాహ్నం హనుమకొండలో ఒక మెస్సులో తిన్నాం. మంచనశర్మా టిట్టిభసెట్టీ తిన్న పూటకూళ్ళ భోజనం సంగతి అమ్మకు చెప్పాను. సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇవన్నీ ఒక్క రూకకు. సాహిత్యంలో ఆ పద్యానికున్న పేరు అంతా ఇంతా కాదు. ఇల్లు లక్ష్మణవజ్ఝలదని పద్యంలోనే ఉంది. వండిందెవరో లేదు. అమ్మ పెరుగన్నం కలుపుతూ, ‘గన్ని ఐటెములు ఆయన వండిండా?’ అన్నది. నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఈ ప్రశ్నే. మా మెస్సులో వడ్డించింది, గిన్నెలు కడిగింది, లోపల పొయ్యి దగ్గర నిలబడింది ముగ్గురూ ఆడవాళ్ళే. గల్లా పెట్టె దగ్గర మాత్రం ఒకాయన కూర్చున్నాడు.

కోటకు పోయేసరికి రెండు దాటింది. ఖిల్లా వరంగల్ అంటే టికెట్టు కొని చూసి వచ్చేసే కోట కాదు. మట్టిగోడ, కందకం, రాతిగోడ దాటి లోపలికి పోతే ఇళ్ళు, కిరాణా కొట్లు, బర్రెలు, పొలాలు. జనం కాపురం ఉంటున్న ఊరు అది. మధ్యలో స్వయంభూ దేవాలయపు శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. ఇది ఏ కాగితం మీదున్నా అమ్మకు తెలుసు. బాపు పోయాక పింఛను కాగితాల కోసం మేం తిరిగిన నాలుగు నెలల్లో ప్రతి సర్టిఫికెట్టు మీదా చూసింది. ‘గిదా అది!’ అని నిలబడిపోయింది. ‘కాగితం మీద చిన్నగ ఉంటది.’

ఆ నాలుగు నెలలు ఎందుకు తిరిగామో చెప్పాలి. అమ్మకు పుట్టింట్లో ఒక పేరు. పెళ్ళయ్యాక అత్తింటివాళ్ళు ఇంకో పేరు పెట్టారు. మా వైపు ఇది మామూలే. ఆధార్‌లో ఒకటి, బాపు సర్వీసు పుస్తకంలో ఒకటి. ఈ ఇద్దరూ ఒక్క మనిషే అని రుజువు చేయడానికి అఫిడవిట్లు, సాక్షులు, ఫొటోలు. ఒక ఆఫీసులో గుమాస్తా ‘ఇంతకూ నువ్వెవరమ్మా?’ అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

అందుకే తోరణం కింద నీడలో కూర్చుని రుద్రమదేవి సంగతి చెబుతున్నప్పుడు, గణపతిదేవుడికి కొడుకులు లేక కూతుర్ని గద్దె మీద కూర్చోబెట్టాడనీ, శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని రాశారనీ అనగానే అమ్మ పట్టుకున్నది. ‘మగపేరు పెట్టుకుంటెనే రాజ్యమిచ్చిండ్రా? ఆమెకు గూడ రెండు పేర్లేనా?’ చరిత్ర పుస్తకాల్లో ఈ మగపేరును రాజనీతి అంటారు. ఇన్నేళ్ళూ నేనూ అట్లాగే చదివాను. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. వెనిస్ నుంచి వచ్చిన మార్కోపోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, భర్త చనిపోయిన ఒక రాణి 40 ఏళ్ళు దాన్ని ఎంతో న్యాయంగా ఏలిందని చెప్పాడు. లెక్క సరిపోదు, రుద్రమ పాలించింది 1262 నుంచి 1289 దాకా. అయినా అమ్మకు లెక్క అక్కర్లేదు. ‘భర్త సచ్చినంక రాజ్యం జేసిందా! ఏడాది దాక గడప దాటొద్దని ఎవలు అనలేదా ఆమెను?’ అని గట్టిగా నవ్వింది. పది నెలల్లో ఆమె అంత గట్టిగా నవ్వడం అదే. పక్కనే తోరణం ముందు ఫొటోలు తీసుకుంటున్న కాలేజీ పిల్లలు తిరిగి చూశారు. వాళ్ళలో ఒకడు 2015లో వచ్చిన సినిమాలోని గోన గన్నారెడ్డి డైలాగులు చెబుతున్నాడు. ఆమె పేరుతో తీసిన సినిమాలో జనం నోట మిగిలింది ఆయన మాటలు.

చందుపట్ల శాసనం గురించి కూడా చెప్పాను. 1289 నవంబరు నాటిది. ఒక మామూలు భటుడు, తన సేనాని మల్లికార్జున నాయకుడికీ, రుద్రమదేవికీ పుణ్యలోకాలు దక్కాలని దానం ఇచ్చి వేయించాడు. ఆ శాసనం దొరికేదాకా చరిత్రకారులు ఆమెను ఇంకో ఆరేడేళ్ళు బతికించారు. మహారాణి చనిపోయిన సంగతి మనకు చెప్పింది రాజాస్థానం కాదు. అన్నట్టు ఆ కాలంలోనే కుప్పాంబిక ఉంది. గోన బుద్ధారెడ్డి కూతురు. భర్త మల్యాల గుండన పోయిన తర్వాత ఆయన పేర గుండేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి 1276లో బూదపురంలో శాసనం వేయించింది. మొల్లకంటే ముందు తెలుగులో కవిత్వం చెప్పిన స్త్రీ ఈమేనని కొందరు పరిశోధకులంటారు. భర్తపోయిన ఆడది రాయి మీద తన పేరు చెక్కించుకున్నది. ఆమెకు గుడి మైల అంటలేదు, గుడే కట్టించింది. ఇది అమ్మకు చెబుదామనుకుని చెప్పలేదు. పొద్దున గేటు దగ్గర మాటకు జవాబు చెప్పినట్టుంటుందని ఆగాను.

అయినా ఆమె మనసు అప్పటికే వేరే దారిన పోతోంది. ‘ఈ రాజులేనా సమ్మక్కను సంపింది?’

నేను రుద్రమను చూపించి గర్వపడుతున్నాను. మా అమ్మకు కాకతీయులంటే మేడారం. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి దండు పంపినవాళ్ళు. పగిడిద్దరాజును, సారలమ్మను, నాగులమ్మను, జంపన్నను చంపినవాళ్ళు. ఒంటినిండా గాయాలతో చిలకలగుట్ట మీదికి పోయి కుంకుమభరిణె అయిన సమ్మక్కను ఆమె పదిహేనుసార్లు దర్శించుకున్నది, ఎత్తు బంగారం సమర్పించింది. ‘అది ప్రతాపరుద్రుని కాలంల అంటరు, ఈమె మనుమడు’ అన్నాను. ‘ఈమె మనుమడే గదా’ అన్నది. తర్వాత కాసేపటికి, ‘ఈమె ఉంటె పంపకపోవునేమో’ అని, మళ్ళీ తనే, ‘ఏమో, రాజులు రాజులే’ అనేసింది. ప్రజా చరిత్రా స్త్రీల చరిత్రా కలిసే నడుస్తాయని సెమినార్లలో సులువుగా అంటుంటాం. కలవని చోట అమ్మ ఒక్క వాక్యంలో వేలు పెట్టింది.

స్వయంభూ గుడి శిథిలాల్లో ఆమె స్వేచ్ఛగా తిరిగింది. 1323లో ఢిల్లీ సైన్యాలు కూల్చిన గుడి. దేవుడు లేడు కనుక మైలా లేదు. ఇది నా వ్యాఖ్య, ఆమె అట్లా అనలేదు. ఆమె వరుసగా పేర్చిన రాళ్ళ మధ్య పోతూ హంసలు, ఏనుగులు, కాళ్ళు విరిగిన నాట్యకత్తెలు ఒక్కొక్కటీ చూసింది. ఒక రాతి మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎవరి కోసమూ ఎదురు చూడకుండా, ఏ రిపోర్టు రావాల్సిన అవసరం లేకుండా, అట్లా ఊరికే కూర్చున్న అమ్మను నేను అంతకుముందు ఎప్పుడు చూశాను? రేగుపళ్ళు అమ్మే ఒకావిడ బుట్ట దించి పక్కన కూర్చున్నది. కోట లోపలే ఇల్లట. ‘ఎంత దూరంకెల్లి వచ్చిండ్రు? ఏం పని మీద?’ అని అడిగింది. ‘పనేం లేదు, చూద్దామని’ అన్నది అమ్మ. ఆ మాట ఆమె నోటి నుంచి కొంచెం బెరుకుగా, కొత్త చెప్పులు వేసుకున్నట్టుగా వచ్చింది. రేగుపళ్ళావిడ ‘మంచిగ జేసిండ్రు. నేను గీడనే పుట్టిన, గా అవతలి తోరణం దగ్గరికి పోక ఎన్నేండ్లయిందో’ అని లేచింది.

తిరుగు రైల్లో కిటికీ సీటు దొరికింది. క్రీడాభిరామంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి గురించి అప్పుడు చెప్పాను. మాచల్దేవి కాదు. ప్రతాపరుద్రుడి కొలువులో గౌరవం పొందిన ఆమె గురించి, మదనరేఖకు అద్దం చూపించే వేడుక గురించి కవి చాలా పద్యాలు రాశాడు. నాకిష్టమైన మనిషికి ఒక్క పద్యం మాత్రమే. ఓరుగల్లు వీధిలో వాద్యం మోగిస్తూ పలనాటి వీరుల కథ ద్విపదలో పాడుతున్న స్త్రీ. ఆమె పాటకు వింటున్న కుర్రవాళ్ళు ఊగిపోతున్నారు. కవి ఆమెకు పేరు పెట్టలేదు, ఒంటిని కూడా వర్ణించలేదు. ‘ఒక్కత’ అన్నాడు, అంతే. ఆ పుస్తకంలో ఒళ్ళు తప్పించుకున్న ఆడది ఆమె ఒక్కతే అనిపిస్తుంది నాకు, ఎందుకంటే అక్కడ మంచనశర్మ కూడా చూడడం మాని వింటున్నాడు.

‘శారదకథ లెక్కనా?’ అన్నది అమ్మ. ఆమె చిన్నప్పుడు పుట్టింటికి ఏడాదికోసారి శారదకథ వాళ్ళు వచ్చేవారట. మగాయన తంబుర పట్టుకుని మధ్యలో నిలబడేవాడు. అటొకామె ఇటొకామె బుడిగెలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు. వాళ్ళలో ఒకామె వీపున పసిపిల్లను కట్టుకునే రాత్రంతా వాయించేది. పిల్ల ఆ చప్పుడుకే నిద్రపోయేది. మగాయనకు గొంతు పోయిన రోజు ఆమే తంబుర తీసుకుని తెల్లారేదాకా బాలనాగమ్మ కథ ఒక్కతే చెప్పిందట. ‘ఆ పొద్దు నేను గూడ వాళ్ళెంబడి పోతనన్న. మా అవ్వ కట్టె పట్టింది’ అన్నది. ఇది నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేను బ్యాగులోంచి నోట్‌బుక్కు తీశాను. ‘ఆమె పేరేంది?’ ‘యాదికొస్తలేదు’ అన్నది.

ఓదెల దగ్గర పడుతుంటే అమ్మ కొంగు సవరించుకుని కిటికీలోంచి మల్లన్న గుడి దిక్కుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను చూస్తున్నానని తెలిసి, ‘గుడికి పోవద్దన్నరు గని రైల్లకెల్లి దండం పెట్టొద్దని ఎవలన్నరు?’ అన్నది. తర్వాత సీసా మూత తీసి సగం సీసా నీళ్ళు ఒక్క గుక్కలో తాగింది. ఇంకో మూడు స్టేషన్లు దాటాక, నేను కునుకు తీస్తుంటే, మోచేత్తో పొడిచి లేపింది.

‘పోశవ్వ’ అన్నది. ‘ఆమె పేరు పోశవ్వ. రాసుకో.’